అడుగుకు అర అంగుళం



బొమ్మలు మనకు కొత్త కాదు. సంక్రాంతికి మెట్లు కట్టి, తెల్లదుప్పటి పరిచి, కొండపల్లి దశావతారాలూ ఏటికొప్పాక లక్కపిడతలూ వరసగా పేర్చి, పేరంటం పిలిచేవాళ్ళమే మనమంతా. అయితే ఈవేళ నేను చెప్పబోయేది కొని తెచ్చి కొలువులో పెట్టే బొమ్మ గురించి కాదు. ఇంట్లో పిల్లలు తమ చేతులతో తయారుచేసి, తామే రంగు వేసుకునే బొమ్మ గురించి. అందులోనూ కారుబొమ్మ, మామూలు కారు కాదు, పందెం కారు. "అదంతా మగపిల్లల గొడవ, మనకెందుకమ్మా" అని ముఖం తిప్పుకోకండి. ఆ పనిలో ఉన్న విద్యలు చాలావరకు మన వంటింట్లోవీ, మన వాకిట్లోవీనూ.

మన కోనసీమ పిల్లలకు బండి చేసుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. వేసవిలో ముంజలు తినేసిన తాటిబుర్రలు రెండు తీసుకుని, మధ్యన పుల్ల గుచ్చి, పంగలకర్ర తగిలించి వీధంతా తోసుకు తిరుగుతారు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పెద్దవాళ్ళు ప్రభలు కడుతుంటే, పక్కన వెదురుబద్దలూ రంగుకాగితాలూ పోగుచేసుకుని తమకు సరిపడే చిన్నప్రభ కట్టుకుంటారు. పెద్దదాన్ని చూసి చిన్నది చేసుకోవాలన్న కోరిక పిల్లల్లో పుట్టుకతో ఉంటుంది. ఆ కోరికకు కాస్త కొలత, కాస్త ఓర్పు జోడించడమే మనం చేయవలసింది.

ఇంతకీ ఈ పందెం కారు ఏమిటి? అమెరికాలో దీన్ని స్టాక్ కారు అంటారు. స్టాక్ అంటే దుకాణంలో అమ్మకానికి ఉన్న సరుకు. పందెం కోసం ప్రత్యేకంగా చేసినది కాకుండా, ఎవరైనా కొనుక్కుని ఇంటికి తీసుకుపోయే మామూలు కారు అన్నమాట. అలాంటి కార్లకు పందేలు నిర్వహించడానికి అక్కడ 1948లో నాస్కార్ అనే సంస్థ ఏర్పడింది. రిచర్డ్ పెటీ అనే ఆయన లేత నీలిరంగు వేసి, తలుపు మీద 43 అంకె వేసిన కారుతో పేరు తెచ్చుకున్నాడు. 1992లో విరమించేనాటికి 200 పందేలు గెలిచాడు. ఇప్పుడు అక్కడ పరుగెత్తే కార్లు లోపలంతా పందెం కోసం కట్టినవే. పాత పేరు మాత్రం మిగిలింది.

మనవైపు కూడా ఇలాంటి ముచ్చట లేకపోలేదు. మద్రాసు దగ్గర షోళవరంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల దారి ఒకటుండేది. దాని మీద చాలా ఏళ్ళు కారు పందేలు జరిగాయి. ఆఫీసుకు వెళ్ళే ఫియట్లూ, హెరాల్డులూ ఆ పందెంలో దిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త పందెపు బాట తయారయ్యాక ఆ సందడి అటు మళ్ళింది.

ఈ స్టాక్ కార్ల నమూనాలు విదేశాల్లో పెట్టెల్లో దొరుకుతాయి. అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు మేనల్లుళ్ళకూ మేనకోడళ్ళకూ తెస్తుంటారు. పెట్టె తెరిస్తే కారు ఉండదు! ప్లాస్టిక్ తీగెలకు చిక్కుడుకాయలు కాసినట్టు చిన్న చిన్న భాగాలు వేలాడుతుంటాయి. ఒక్కొక్కదాన్నీ తుంచి, అంచు నున్నగా అరగదీసి, అతికి, రంగు వేసి, అంకెలున్న పల్చటి పొరను నీళ్ళలో నానబెట్టి తలుపు మీదికి జార్చాలి. మంచి పనే. కాని ఆ పెట్టె రాకపోతే మనకు ఆ పని లేదని కాదు. పెట్టెలో ఉన్న అసలు సంగతి ప్లాస్టిక్ కాదు, కొలత. దాన్ని మనం చెక్కతోనే సాధించవచ్చు.

ఆ కొలత ఏమిటో చెబుతాను. పెట్టె మీద 1:24 అని వేసి ఉంటుంది. అసలు కారులో 24 అంగుళాలున్న భాగం బొమ్మలో ఒక అంగుళం ఉంటుందని అర్థం. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే అడుగుకు అర అంగుళం. ఇది మనకు తెలియని లెక్క కాదు. ధనుర్మాసంలో వాకిట్లో జానెడు ఎడంగా చుక్కలు పెట్టి వేసే ముగ్గునే, నోటుపుస్తకంలో అర అంగుళం ఎడంగా చుక్కలు పెట్టి దాచుకుంటాం. చుక్కల ఎడం తగ్గింది గాని ముగ్గు మారలేదు. ఎందుచేత? అన్ని చుక్కలనూ ఒకే లెక్కన దగ్గరికి జరిపాం గనక. ఒక వరస ఎక్కువ, ఒక వరస తక్కువ జరిపితే పద్మం కాస్తా గుమ్మడికాయ అయి కూర్చుంటుంది.

ఇంకో ఉదాహరణ. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథం 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతైనప్పుడు మన సీమంతా కన్నీరు పెట్టింది. టేకుతో కొత్త రథం కట్టించి, 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాలకు సిద్ధం చేశారు. ఎత్తు సుమారు 40 అడుగులు. అడుగుకు అర అంగుళం లెక్కన మీ పిల్లలు ఆ రథాన్ని చేస్తే 20 అంగుళాలవుతుంది, బల్ల మీద పెట్టుకోవచ్చు. దాని పక్కన నిలబెట్టే మనిషి, అయిదున్నర అడుగులవాడు, రెండుముప్పావు అంగుళాలే ఉండాలి. మనకు ఇష్టమైన మనిషి కదా అని కాస్త పొడుగు చేశారో, రథం చిన్నబోతుంది. కొలతలో చుట్టరికాలు పనికిరావు. పెద్దదానికీ చిన్నదానికీ, నచ్చినదానికీ నచ్చనిదానికీ ఒకటే అంకె. పిల్లలకు ఈ బొమ్మ నేర్పే మొదటి పాఠం ఇదే. నా మటుకు నాకు ఇదే ముఖ్యమైన పాఠం కూడా.

ఇహ కారు సంగతికి వద్దాం. మొదటిసారి చేసేవాళ్ళకు అంబాసిడర్ కారు మంచిది. 1950ల చివర తయారీ మొదలై 2014లో ఆగిపోయింది గాని, ఆ బొద్దు ఆకారం ఎరగనివాళ్ళు లేరు. మన ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళను తీసుకువెళ్ళిందీ అదే, నొప్పులొచ్చినప్పుడు ఆసుపత్రికి చేర్చిందీ అదే. దానికి ఒక అంకె వేసి పందెం కారును చేస్తే పిల్లలకు మహా సంబరం.

దాని పొడవు సుమారు 14 అడుగుల 2 అంగుళాలు. మన లెక్కన 7 అంగుళాల మీద వడ్రంగుల భాషలో ఒక నూలు. వెడల్పు 2¾ అంగుళాలు, ఎత్తు 2⅝ అంగుళాలు వస్తాయి. ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకు 4 అంగుళాలు. చక్రం ఒక అంగుళం పైచిలుకు. ఈ అంకెలతో గళ్ళకాగితం మీద మూడు బొమ్మలు గీయించండి: పక్కనుంచి చూస్తే ఒకటి, పైనుంచి చూస్తే ఒకటి, ఎదురుగా చూస్తే ఒకటి. బ్లౌజు కుట్టేముందు కాగితం కత్తిరించుకోమా, అలాగే.

చెక్క మెత్తనిది కావాలి. కొండపల్లివారు పొణికి చెక్క వాడతారు. మనకు బూరుగు చెక్క సరిపోతుంది. పచ్చిది వద్దు. బాగా ఆరినది కావాలి. కొండపల్లిలో కూడా పొణికి చెక్కను తేమ పోయేదాకా ఆరబెట్టి, వేడి చూపించి గాని ఉలి పెట్టరు. మన నేలలో తేమ ఎక్కువ గనక ఈ మాట మరీ గట్టిగా పట్టుకోవాలి. పచ్చిచెక్క మీద వేసిన రంగు నెల తిరక్కుండా బీటలు తీస్తుంది.

కాగితాన్ని చెక్కకు అతికి, మొదట పక్క ఆకారం, తర్వాత పై ఆకారం కోయాలి. రంపంతో కోసే ఈ భాగం మీ ఊరి వడ్రంగి ఆచారిగారి చేత చేయించండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. "తాతగారూ, గీత మీద కొయ్యాలా, గీతకు అవతల కొయ్యాలా?" అని అడగనివ్వండి. "అవతలే కొయ్యాలమ్మా. ఎక్కువున్నది తీసెయ్యగలం గాని, పోయినది పెట్టలేం" అంటారాయన. బడిలో పదిసార్లు చెప్పినా ఎక్కని పాఠం ఆ ఒక్క మాటతో ఎక్కుతుంది.

తర్వాత పని ఇంట్లోనే. అంచులు ఆకురాయితో గుండ్రం చేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ముందు ముతకది, తర్వాత సన్నది. చెక్క చార పోతున్న దారినే రుద్దాలి, అడ్డంగా కాదు. గుండ్రటి కర్రను బిళ్ళలుగా కోస్తే చక్రాలు. ఇరుసుకు పాత సైకిలు చువ్వ. బంపరుకు డబ్బా రేకు ముక్క, అంచు చేతికి కోసుకోకుండా మడిచి. దీపాలకు గుండీలు. ఇక్కడ మళ్ళీ కొలత చూడండి. అసలు కారు దీపం అడ్డంగా 7 అంగుళాలు. బొమ్మలో 7 మిల్లీమీటర్లకు కాస్త పైన. పెద్దవాళ్ళ చొక్కా గుండీ పెడితే దీపం 10 అంగుళాల పళ్ళెమంత అయిపోతుంది. చంటిపిల్లల జుబ్బా గుండీ సరిగ్గా అతుకుతుంది. ఆ గుండీ వెతికిపెట్టేది ఎవరు? కుట్టు డబ్బా దాచుకున్న మనమే.

అతుకుల దగ్గర సందులుంటాయి. విదేశీ పెట్టెలవాళ్ళు వాటిని పుట్టీతో నింపుతారు. కొండపల్లివారికి మక్కు ఉంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడిచేసి, నీళ్ళలో జావలా ఉడికించి, అందులో సన్నని రంపపుపొట్టు కలిపితే అదే మక్కు. సందులో కూరి, ఆరాక నున్నగా రుద్దాలి. ఆ మీద ఒక తెల్లపూత. కొండపల్లిలో సున్నం పూస్తారు, మనం తెల్లరంగు పల్చగా వేసుకోవచ్చు. అది వేసినప్పుడే చెక్కలోని గీతలూ గుంటలూ బయటపడతాయి. మళ్ళీ రుద్ది, మళ్ళీ వేయాలి. ఇక్కడే పిల్లలకు విసుగొస్తుంది. రాని రంగు కోసం తొందరపడతారు. ఇక్కడ నిలబడగలిగితే బొమ్మ దక్కినట్టే.

రంగు వేయడం గురించి నాలుగు మాటలు జాగ్రత్తగా వినండి.

మొదటిది, పల్చన. అరమిల్లీమీటరు మందాన రంగు పూశారనుకోండి. అసలు కారు మీద అది 12 మిల్లీమీటర్లు, అంటే గోడకు గచ్చు చేసినట్టు అర అంగుళం! అందుకే ఒక దళసరి పూత కన్నా మూడు పల్చటి పూతలు మేలు. రంగు సరిగా కలిసిందో లేదో ముందు కొబ్బరిచిప్ప మీద వేసి చూడండి, మన దగ్గర చిప్పలకు కరువా!

రెండోది, వరస. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. పసుపుపచ్చ కారుకు ఎర్రచార కావాలంటే ముందు కారంతా పసుపు, అది పూర్తిగా ఆరాక చార, ఆఖరున అద్దాలకూ చక్రాలకూ నలుపు. చార నిటారుగా రావాలంటే అంటు కాగితం పట్టీలు రెండు వేసి మధ్యలో పూయాలి. ఆ పట్టీని ముందు ఒకసారి బట్ట మీద అంటించి తీస్తే జిగురు తగ్గి, కింది రంగును పీక్కురాదు.

మూడోది, తాకకపోవడం. కారు అడుగున ఒక కర్ర బిగించి, పుల్లఐసు పట్టుకున్నట్టు పట్టుకుని వేయాలి. సగం ఆరిన రంగు మీద మళ్ళీ కుంచె పెడితే చారలు పడతాయి. పెరుగు తోడు పెట్టాక గిన్నె కదపకూడదని మనకు తెలుసు, ఇదీ అంతే. దుమ్ము పడకుండా పైన ఒక బుట్ట బోర్లించండి. నూనె రంగులకు పొడివేళల్లో కూడా ఒక పూట చాలదు, పూతకూ పూతకూ మధ్య రోజంతా ఇవ్వాలి.

నాలుగోది, వాతావరణం. శ్రావణ భాద్రపదాల ముసురులో ఈ పని పెట్టుకోకండి. తొందరగా ఆరే లక్కరు రంగులు ఆ రోజుల్లో పాలు పోసినట్టు తెల్లబడతాయి. అందులో కలిపిన తిన్నరు ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద వాలుతుంది. చల్లటి నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే. మాఘ ఫాల్గుణాల్లో మధ్యాహ్నం వేళ మంచిది. కిటికీలు తెరిచి ఉంచండి. తిన్నరూ టర్పెంటైనూ పొయ్యి దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇక తల్లులుగా మనం తప్పక చూడవలసింది రంగులో ఉండే విషం. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. అది పసిపిల్లల మెదడుకు చేటు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదని మనదేశంలో 2016లో నియమం చేసి, 2017 నవంబరు నుంచి అమలు పెట్టారు. అంతకు ముందు కొని అటక మీద పడేసిన డబ్బాలకు ఆ హామీ లేదు. బండ్ల షెడ్డులో మిగిలిన రంగులు ఇంటి రంగుల లెక్కలోకి రావు. "ఊరికే ఇచ్చారు కదా" అని అవి పిల్లల చేతికి ఇవ్వకండి. పాతరంగు ఉన్న చెక్కను గరుకు కాగితంతో రుద్దించకండి, ఆ పొడి పిల్లల ముక్కులోకి పోతుంది. నీళ్ళలో కలిసే కొత్త రంగులు చాలు. ఏటికొప్పాకలో చింతలపాటి వెంకటపతిరాజుగారు మొక్కల నుంచి తీసిన రంగులను లక్కలో కలిపే పద్ధతిని నిలబెట్టినందుకే 2023లో పద్మశ్రీ అందుకున్నారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఏ రంగు వెయ్యాలన్నది చిన్న విషయం కాదన్నమాట.

ఇంత చెప్పాక ఒక వదినగారు అడగనే అడిగారు: "అంతా బాగానే ఉందండీ. ఈ చెక్కముక్క పట్టుకుని పదిహేను రోజులు కూర్చుంటే రేపు పరీక్షలో మార్కులు ఎవరిస్తారు చెప్పండి?"

న్యాయమైన ప్రశ్నే. ఫీజులు కట్టే ఇంట్లో ఎవరికైనా ఉండే భయమే. నేనన్నాను: "వదినగారూ, మీ అమ్మాయి ఆరో తరగతి లెక్కల పుస్తకంలో నిష్పత్తి అని ఒక పాఠం ఉంటుంది. దాన్ని ఆమె బట్టీ పట్టి మార్కులు తెచ్చుకోవచ్చు. కాని 14 అడుగుల కారును 7 అంగుళాల చెక్కలో పెట్టిన పిల్ల ఆ పాఠాన్ని మరిచిపోగలదంటారా?" ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టో లేదో నాకు తెలియదు.

గాంధీగారు 1937లో వార్ధాలో చేతిపనితో చదువు చెప్పాలన్నారు. ఒకప్పుడు మన బడుల్లో నూలు వడికించడం, వడ్రంగం ఉండేవి. 2020 నాటి జాతీయ విద్యావిధానంలో కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులూ కుమ్మరులూ వంటి పనివారి దగ్గర గడపాలని రాశారు. రాయడం వాళ్ళ వంతు. పంపడం మన వంతు. ఆ పది రోజులూ కూడా ట్యూషనుకు పంపిస్తే రాసినవాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

మరో మాట. అన్నాచెల్లెళ్ళు కలిసి బొమ్మ చేస్తుంటే మనం తెలియకుండానే ఒక పని చేస్తాం. ఉలీ ఆకురాయీ వాడి చేతికిస్తాం, కుంచె దాని చేతికిస్తాం. వాడు కట్టాలి, ఇది అలంకరించాలి. అలా పంచకండి. ఆడపిల్లకు కూడా బర్మా పట్టి రంధ్రం చేయడం రావాలి. మగపిల్లవాడికి కూడా కుంచె కడిగి, ఆరబెట్టి, మొన సరిచేసి పెట్టడం రావాలి. రేపు ఆమె ఇంట్లో తలుపు గొళ్ళెం ఊడినప్పుడు ఎవరొస్తారా అని గుమ్మంలో నిలబడదు. రేపు అతని ఇంట్లో పని అయ్యాక సామాను ఎవరో సర్దుతారని లేచిపోడు. ఏడంగుళాల బొమ్మ కోసం ఇంత దూరం ఆలోచించాలా అంటే, పిల్లల పెంపకంలో చాలా సంగతులు ఏడంగుళాల దగ్గరే మొదలవుతాయి.

బొమ్మ సరిగా వచ్చిందో లేదో చెప్పడానికి మాస్టారు అక్కరలేదు. బల్ల మీద పెట్టి చేత్తో తోస్తే తిన్నగా పోతే చక్రాలు సరిగా కుదిరినట్టు. పక్కకు లాగితే ఇరుసు వంకర. పిల్లలే కనిపెడతారు, వాళ్ళే విప్పుతారు, వాళ్ళే సరిచేస్తారు. తప్పును ఒకరు ఎత్తిచూపకుండా తానే చూసుకుని, ఏడవకుండా దిద్దుకోవడం ఎంత పెద్ద చదువో ఇంటర్మీడియేట్ ఫలితాలు వచ్చిన వారంలో ఏ తల్లినడిగినా చెబుతుంది. మన పిల్లలకు ఇవాళ దొరకనిది బొమ్మ కాదు. పాడైపోయినా మళ్ళీ మొదలుపెట్టుకోదగిన పని దొరకడం లేదు.

తలుపు మీద ఏ అంకె వెయ్యాలన్నది మాత్రం పిల్లలకే వదిలేయండి. వాళ్ళు పుట్టిన తేదీ కావచ్చు, బడిలో వరస సంఖ్య కావచ్చు. అంకె ముందు కాగితం మీద గీసి, కత్తిరించి, ఆ కాగితం చుట్టూ సన్నగా గీసుకుని లోపల రంగు నింపితే చక్కగా వస్తుంది.

అంతా ఆరాక కారును తిరగేసి, అడుగున చేసినవారి పేరు, సంవత్సరం రాయించండి. దాని కింద "అడుగుకు అర అంగుళం" అని కూడా రాయించండి. ఎప్పుడో ఎవరో ఆ బొమ్మను చేతిలోకి తీసుకుంటే, ఈ ఇంట్లో ఒక పిల్లో పిల్లవాడో లోకంలోని ఒక వస్తువును కొలిచి, అన్ని భాగాలకూ ఒకే న్యాయం చేసి కట్టారని తెలుస్తుంది.